పక్క సీటు కోసం నాలుగు టైర్లు

సెప్టెంబరు 14, ఆదివారం

వేసవంతా మేసిన ఊరి గొర్రెలన్నీ కొండ దిగాయి. నిన్నంతా దొడ్డి దగ్గర పాటలు, తోపులాటలు, పొట్టేళ్ల పొడుపులు. నా మోకాలు వాచింది. అయినా మనసు హాయిగా ఉంది. ఎందుకంటే...

సంకల్పం!!

ఈ చలికాలానికి మా తెల్ల జీపు టైర్లు నేనే ఎంచుకుంటా. సొంత బుర్రతో. ఎవర్నీ సలహా అడగను. చలికాలం మొదటి రోజుకల్లా, అంటే అక్టోబరు 25 శనివారానికల్లా, బండికి బిగించేసి ఉంటాయి.

ఇంత పట్టుదల ఎందుకంటే, రాసుకోవడానికి సిగ్గే గానీ, డైరీ దగ్గర సిగ్గేమిటి? మా ఆవిడ సాల్వోర్ ఈ సముద్రపు పాయ చుట్టూ ఉన్న ఇళ్లన్నిటికీ మంత్రసాని. మంచులో స్టీరింగు ముట్టుకోదు. పద్దెనిమిదేళ్లుగా నేనే తీసుకెళ్లేవాణ్ణి. పక్క సీట్లో తను, తన కాళ్ల దగ్గర నల్ల సంచి, మధ్యలో కాఫీ ఫ్లాస్కు. ఎండు చేపకి వెన్న రాసుకుని నములుతూ కబుర్లు. ఇంట్లో మేం అన్ని కబుర్లు చెప్పుకోం.

మొన్న ఏప్రిల్లో కనుమ మీద జీపు జారి మంచులో కూరుకుపోయింది. టైర్లు అరిగి గుండు కొట్టించినట్టున్నాయి, నిజమే. సాల్వోర్ వాళ్లన్నయ్య గ్రిముర్ వచ్చి తాడు కట్టి లాగేసరికి, అవతల పసివాడు వాళ్ల నాన్న చేతుల్లోకే వచ్చేశాడు. తల్లీ బిడ్డా క్షేమం. కానీ సాల్వోర్ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాటికి నల్ల సంచి గ్రిముర్ బండిలోకి మారిపోయింది.

నిన్న దొడ్డి దగ్గర ధైర్యం చేసి అడిగా.

"ఇంక నా బండెక్కవా?"

"మంచి టైర్లు వెయ్యి. ఎక్కుతా."

"మాటంటే మాటేనా?"

"చలికాలం మొదటి రోజు దాకా చూస్తా, ఇల్లుగీ. నవంబరు మొదట్లో కనుమ అవతల బక్కి పల్లెలో ఆ ఉన్నుర్ పిల్లకి కాన్పు. ఇంట్లోనే కంటానంటోంది. బండి కోసం అన్నయ్యకి చెప్పుకోవాలో, నీకు చెప్పుకోవాలో నాకు అప్పటికి తేలాలి."

తేలుతుంది. తేల్చేస్తా!

సెప్టెంబరు 16, మంగళవారం

చదివా. చాలా చదివా. కళ్లు మండుతున్నాయి.

మేకుల టైర్లు: గడ్డకట్టిన రోడ్డు మీద పులి. కంకర దారి మీద ఒకటే చప్పుడు. పైగా నవంబరు దాకా వెయ్యనివ్వరు.

బురద టైర్లు: చూడ్డానికి రాక్షసి. నున్నటి ఐసు మీద అప్పుడే నడక నేర్చిన పాప.

ఆల్ టెర్రైన్ టైర్లు: కంకర, వాగు, బురద, మంచు, దేనికైనా సై. పక్కన మూడు శిఖరాలు, మధ్యలో మంచు రేకు బొమ్మ ఉన్నవే తీసుకోవాలి. అది ఉంటే మంచులో పరీక్షకి నిలబడ్డట్టు. లేకపోతే పేరుకే అన్ని దారులు.

నిర్ణయం: ఆల్ టెర్రైన్. బొమ్మ ఉన్నవి. మా జీపు తలుపు లోపల రాసి ఉన్న సైజే.

ఇంత తేలికా! సంకల్పం సగం అయిపోయినట్టే. బహుమతిగా రెండు క్లెయినర్లు తిన్నా. నూనెలో వేయించిన తీపి పిండివంటే, కానీ మెలిక తిప్పినవి కాబట్టి చిన్నవే.

సెప్టెంబరు 20, శనివారం

నా ఉద్యోగం ఊరి ఈత కొలనులో కాపలా. కొలను పక్కనే వేడినీళ్ల తొట్టి. ఈ ఊళ్లో ఏ సంగతైనా మెడల దాకా ఆ నీళ్లలో కూర్చున్నాకే తేలుతుంది.

నేను ఎవర్నీ అడగలేదు. నీళ్ల వేడి చూస్తూ, "ఈ ఏడు మంచు తొందరగా పడుతుందంటారా?" అన్నానంతే. అది అడగడం కిందికి రాదు.

"టైర్లు కొంటున్నాడర్రా!" అంది థోరా అవ్వ. ఎనభై దాటింది. ఇప్పటికీ గొర్రెలు కాస్తుంది, ట్రాక్టరు నడుపుతుంది. నీళ్లలో కూడా ఉన్ని టోపీ తియ్యదు.

"నేనలా అన్నానా?"

"అనక్కర్లేదు. పెళ్లాం పక్కన లేని మగాడి మొహం నాకు తెలీదా? మేకులవి కొను. మా ఆయన మేకులే వాడేవాడు."

"మీ ఆయన వాగులో పడ్డాడు కదవ్వా," అన్నాడు గ్రిముర్.

"వాగులో మేకులేం చేస్తాయి? ఐసు మీద ఎప్పుడైనా పడ్డాడా?"

గ్రిముర్ మా ఊరి మంచు సహాయక దళం నాయకుడు. తొట్టిలో సగం నీళ్లు తను దిగగానే బయటికి పోతాయి. తన బండి టైర్లు నా నడుం దాకా వస్తాయి. నా వైపు తిరిగి జాలిగా నవ్వాడు.

"ఆల్ టెర్రైనేనా బావా? మంచిదే. మరి సైజు?"

"జీపుతో వచ్చిన సైజే."

"అహా. సైకిల్‌కి వేసుకోవచ్చు మళ్లీ."

తొట్టంతా నవ్వు. నేను వెళ్లి నీళ్ల వేడి రెండు డిగ్రీలు తగ్గించా.

సెప్టెంబరు 27, శనివారం

తొందరేం లేదు. ఇంకా గడ్డి పచ్చగానే ఉంది. పరిశోధన కొనసాగుతోంది.

ఎవర్నీ అడగడం లేదు. వాళ్లే చెబుతున్నారు. పోస్టు ఇచ్చే ఆయన సన్న టైర్లే మంచివన్నాడు, మంచుని కోసుకుంటూ కింద నేల పట్టుకుంటాయట. స్కూలు వంటావిడ వెడల్పువే మంచివంది, మంచు మీద తేలతాయట. ఇద్దరి మాటా సబబుగానే ఉంది. ఇద్దరూ పోయినేడు ఒకే గుంటలో పడ్డారు.

సాల్వోర్: "కొన్నావా?"

"ఆలోచిస్తున్నా."

"ఆలోచనతో కనుమ దాటలేం కదా, ఇల్లుగీ."

అక్టోబరు 3, శుక్రవారం

ఆర్డరిచ్చేశా!!! 

మనసు తేలికగా ఉంది. కొంచెం గుబులుగానూ ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తా.

టైర్ల షాపు బిర్నాకి ఫోన్ చేశా. తలుపు లోపలి సైజు చెబుదామనే. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి గ్రిముర్ బండి కనిపించింది. ముందు సీట్లో నల్ల సంచి. పక్కన సాల్వోర్. దేనికో ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు.

"అన్నా, సైజు చెప్పు," అంది బిర్నా.

"ముప్పై అయిదు అంగుళాలు."

అటువైపు పెన్ను కింద పెట్టిన చప్పుడు. తర్వాత, "నీ తెల్ల జీపుకేనా? ముప్పై ఒకటే గదన్నా ఎక్కేది. కొలిచావా?"

"కొలిచా," అన్నా.

కొలిచా. కంటితో. మడ్‌గార్డు కింద బోలెడు చోటుంది. పిల్లి దూరి పడుకుంటుంది అక్కడ.

ముప్పై అయిదంటే గ్రిముర్ కూడా నోరు మూస్తాడు. అసలు సాల్వోర్ కోసమే ఇదంతా. పెద్ద టైరు, పెద్ద భద్రత.

అక్టోబరు 14, మంగళవారం

లారీ వచ్చింది! నాలుగు టైర్లు! నల్లగా, కొత్తగా, ఆ వాసన! లోతైన గాడులు, మూడు శిఖరాలు, మంచు రేకు! షెడ్డులో వరసగా నిలబెట్టి కాఫీ తాగుతూ చూశా. సాల్వోర్ కూడా వచ్చి చూసింది.

"పెద్దవిగా లేవూ?"

"భద్రత," అన్నా.

ఒకదాని మీద చెయ్యేసి నిమిరింది. "సరే. పదకొండు రోజుల ముందే తెచ్చావ్. నిన్ను తక్కువ అనుకున్నా." 

ఈ వాక్యం మళ్లీ రాస్తున్నా. నిన్ను తక్కువ అనుకున్నా, అంది!

పాత టైర్లు వెంటనే విప్పించి థోరా అవ్వకి ఇచ్చేశా. గడ్డిమోపుల మీద కప్పిన పట్టా గాలికి లేవకుండా బరువుకి పెట్టుకుంటుందట. ఇంక వాటితో నాకేం పని?

అక్టోబరు 18, శనివారం

బిర్నా వచ్చి రిమ్ములకి టైర్లు ఎక్కించి బిగించింది. జీపు ఎంత ఎత్తయిందో! ఎక్కడానికి పీట కావాలి. గర్వంగా ఎక్కి కూర్చున్నా. స్టార్ట్ చేశా. తిన్నగా వెళ్లింది. బ్రహ్మాండం.

స్టీరింగు తిప్పా.

తిరగలేదు. టైరు మడ్‌గార్డుకి ఒరుసుకుని కర్ర్ మంది.

"అన్నా, నీ బండి చక్కగా పోతోంది," అంది బిర్నా. "మలుపుల్లేని దారి చూసుకోవాలంతే."

బక్కి దారిలో మలుపులు తప్ప ఇంకేం లేవు.

"తాదూర సందు లేదు, మెడకో డోలు," అని సాల్వోర్ వంటింట్లోంచి. ఎలా తెలిసిందో! గోడ అంత పల్చనిదా?

అక్టోబరు 19, ఆదివారం

కంగారు పడాల్సింది లేదు. ఈ దేశంలో ఎవరి బండి చూసినా మడ్‌గార్డు కోసిందే. చెప్పు పట్టకపోతే కాలు కోసుకోవడమా అని బయటివాళ్లు నవ్వుతారు. మేం నవ్వం. రంపం తెస్తాం.

కనక సంకల్పంలో చిన్న సవరణ: టైర్లు ఎంచడమైంది. ఇప్పుడు వాటికి తగ్గట్టు బండిని ఎంచుతున్నా.

జీపుని చెక్క దిమ్మల మీదికి ఎత్తి నాలుగు చక్రాలూ విప్పా. కోత మిషను తీసుకున్నా. ముందు ఎడమవైపు బాగానే వచ్చింది. కొంచెం అల వచ్చింది. దూరం నుంచి తెలీదు.

కుడివైపు కోస్తుండగా బ్లేడు విరిగింది. ఇంకోటి రావాలంటే వారం.

అక్టోబరు 22, బుధవారం

ఇవాళ బండి సంగతి రాయను. పిల్లి పడుకునే చోటు పోయిందని నా మీద అలిగింది.

అక్టోబరు 25, శనివారం. చలికాలం మొదటి రోజు

మధ్యాహ్నం పొగలో ఎండబెట్టిన గొర్రెమాంసం, బంగాళదుంపలు. సాల్వోర్ చక్కగా వడ్డించింది. తిట్టలేదు. అదే నాకు భయం వేసింది. తిన్నాక షెడ్డుకి వెళ్లి తలుపు దగ్గర నిలబడింది. దిమ్మల మీద జీపు, ఒకవైపు అలల మడ్‌గార్డు, ఇంకోవైపు సగం తెగిన రేకు, గోడకి ఆనించిన నాలుగు రాక్షసి టైర్లు.

"ఇల్లుగీ, నేను అడిగింది నాలుగు టైర్లు కదయ్యా."

"నాలుగే ఉన్నాయిగా."

"నాలుగున్నాయి. బండే లేదు."

లోపలికి వెళ్లి గ్రిముర్‌కి ఫోన్ చేసింది. విన్నా. "అన్నయ్యా, ఉన్నుర్ కాన్పుకి నువ్వే రావాలి." నా గురించి ఒక్క చెడ్డ మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

బాధగా ఉంది. టైర్ల గురించి కాదు.

అక్టోబరు 28, మంగళవారం

రాత్రే మొదలైన మంచుగాలి పొద్దునకి ఊరిని మింగేసింది. నేను కొలనుకి పోయా. మంచు పడుతోందని వేడినీళ్ల తొట్టి మానేసేవాళ్లు ఇక్కడ లేరు. థోరా అవ్వ ఒక్కతే కూర్చుంది, టోపీ మీద జానెడు మంచుతో.

సాల్వోర్ పరుగున వచ్చింది. కోటు గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకుంది. చేతిలో నల్ల సంచి.

"ఉన్నుర్‌కి నొప్పులు మొదలయ్యాయి. అన్నయ్య బక్కికి ఎదురు దిక్కు దారిలో ఉన్నాడు. అద్దె కార్లలో వచ్చిన టూరిస్టులు పదిమంది ఇరుక్కున్నారట. సాయంత్రం దాకా రాలేడు."

నన్నే చూసింది. నేను నీళ్ల వేడి చూసే మీటర్ని చూశా.

ఏప్రిల్లాగే అవుతుంది. మళ్లీ నా వల్లే. అదొక్కటే తిరిగింది బుర్రలో.

"ఏమర్రా, చచ్చిన చేపల్లా నిలబడ్డారు?" అంది థోరా అవ్వ తొట్టిలోంచి. "నా ట్రాక్టరు బయటే ఉంది. చక్రాలకి గొలుసులు కట్టే ఉన్నాయి. తాళం దానికే ఉంది."

"మరి నువ్వెలా వెళతావవ్వా?"

"నేనెక్కడికి వెళతా? ఇక్కడ వెచ్చగా ఉంది. పో! ఆ నీళ్ల వేడి కాస్త పెంచి పో!"

పెంచా. కొలను తాళాలు అవ్వకిచ్చి పరిగెత్తా.

ట్రాక్టరు క్యాబిన్లో ఒకటే సీటు. సాల్వోర్ పనిముట్ల పెట్టె మీద కూర్చుని నా భుజం పట్టుకుంది. నల్ల సంచి ఒళ్లో. పొట్టేలు నడిచినంత వేగం. గొలుసుల మోతకి మాట వినబడదు. కనుమ మీద ముందు ఏమీ లేదు, ఒట్టి తెలుపు. దారి పక్కన పసుప్పచ్చ గుర్తు కర్రలు ఒకటి దాటితే ఇంకోటి కనిపించేదాకా ఊపిరి బిగబట్టా. ఒక మలుపులో ట్రాక్టరు పక్కకి ఒరిగింది. నా భుజం మీది వేళ్లు గట్టిగా బిగిశాయి. తర్వాత గొలుసులు పట్టుకున్నాయి. వేళ్లు మాత్రం వదల్లేదు.

అందుకున్నాం! మేం వెళ్లాక కూడా చాలాసేపు పట్టింది. నన్ను వంటింట్లో కూర్చోబెట్టారు. ఉన్నుర్ వాళ్లాయనా నేనూ స్కిర్ పెరుగు గిన్నె ముందు పెట్టుకుని ఒక్క చెంచా తినలేదు. చివరికి ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. సాల్వోర్ చేతుల్లోకే పుట్టింది!

వంటింట్లో ఏడ్చా. ఉన్నుర్ వాళ్లాయన నాకే ధైర్యం చెప్పాడు.

సాయంత్రం గాలి తగ్గాక గ్రిముర్ వచ్చాడు, తన ఏనుగు బండితో. నన్నూ, బయట ట్రాక్టర్నీ మార్చి మార్చి చూశాడు.

"దీని మీద వచ్చారా బావా? ఆ గాలిలో?"

"ఆఁ."

ఏదో అనబోయి మానేశాడు. జన్మలో మొదటిసారి.

సాల్వోర్ బయటికి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. ట్రాక్టర్ని చూసింది, గ్రిముర్ బండిని చూసింది. గ్రిముర్ బండి ఎక్కేసింది.

"అందులో హీటరుందయ్యా," అంది కిటికీ దించి.

సబబే. నేనైనా అదే ఎక్కుతా. ట్రాక్టర్లో ఒక్కణ్ణే ఇంటికొచ్చా. పనిముట్ల పెట్టె దారంతా టకటకలాడింది.

అక్టోబరు 29, బుధవారం

థోరా అవ్వకి ట్రాక్టరు తిరిగిచ్చా. నిన్న తను తొట్టిలోంచి లేచేసరికి చీకటి పడిందట. "ఒళ్లు ఎండు ద్రాక్షలా అయింది" అని ఊరంతా చెప్పుకుంటోంది, గర్వంగా.

అవ్వ గడ్డిమోపుల మీద నా పాత టైర్లు నాలుగూ కనిపించాయి. కాసేపు చూసి వచ్చేశా.

సంకల్పం ముగిసింది. ఓడిపోయా. ఇక డైరీలో టైర్ల మాట ఎత్తను.

నవంబరు 2, ఆదివారం

సాల్వోర్ రెండ్రోజులు నిద్రపోయింది. కాన్పయ్యాక ఎప్పుడూ అంతే.

పొద్దున కుక్కకి బొమిక పడేద్దామని బయటికొస్తే షెడ్డు తలుపు తీసి ఉంది. లోపల దిమ్మల మీది జీపులో ఎవరో ఉన్నారు. పక్క సీట్లో. కాళ్ల దగ్గర నల్ల సంచి. మధ్యలో ఫ్లాస్కు.

"ఎక్కు," అంది సాల్వోర్.

"చక్రాల్లేవు."

"కళ్లున్నాయి నాకు. ఎక్కమన్నా."

ఎక్కా. స్టీరింగు ముందు కూర్చున్నా. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక స్టీరింగు మీదే పెట్టా. ఎదురుగా షెడ్డు గోడ, దానికి వేలాడే గొర్రెతోలు. తను కాఫీ పోసింది. ఎండు చేప తీసి వెన్న రాసి నా చేతిలో పెట్టింది.

"మొన్నటి కాన్పు సంగతి చెప్పాలి నీకు," అంది. "ట్రాక్టర్లో వెళ్లేప్పుడు ఆ మోతలో మాట్లాడుకోలేకపోయాం. వచ్చేప్పుడు అన్నయ్యకి చెబుదామనుకున్నా గానీ, మొదలుపెట్టగానే వాడు టైర్ల సంగతి ఎత్తుకున్నాడు. ఆర్నెల్లుగా ఇదే. ఒక్క బిడ్డ కబురూ పూర్తిగా చెప్పనివ్వడు."

"మరి నేను ఆర్డరిచ్చిన రోజు బండిలో నవ్వుతున్నారుగా, ఇద్దరూ? నేను చూశాలే."

"నీ సైకిలు టైర్ల గురించి నవ్వాం."

నోరు తెరిచా. ముప్పై అయిదు అంగుళాల గురించి కొంచెం వివరిద్దామనే. మళ్లీ మూసేశా. చేప నమిలా.

చెప్పింది. పాప అడ్డం తిరిగిందని ఎంత భయపడిందో, ఉన్నుర్ తన జుట్టు పట్టుకుని ఎన్ని తిట్లు తిట్టిందో, పాప పుట్టగానే ఎలా తుమ్మిందో. ఏప్రిల్లో పుట్టిన పసివాడి సంగతి కూడా చెప్పింది. ఆ రోజు కోపం నా మీద కాదట, తన చేతులు ఖాళీగా ఉన్నందుకట. ఆ మాట చెప్పడానికి ఆర్నెల్లు పట్టింది. నేను పక్కన లేకపోతే ఎవరికి చెబుతుంది?

"నువ్వు లేకపోతే నాకు బండే అక్కర్లేదు," అన్నా. టైర్ల గురించి కాకుండా ఇన్ని మాటలు కలిపి అని చాలా రోజులైంది.

"తెలుసులే," అని తల నా భుజం మీద వాల్చింది. కాసేపటికి గురక.

కదలకుండా కూర్చుని ఇది రాస్తున్నా, కోటు జేబులో ఉండే డైరీ స్టీరింగు మీద పెట్టుకుని.

కొత్త సంకల్పం!

బిర్నా ఈ టైర్లు వెనక్కి తీసుకుంటానంది. ఈసారి తలుపు లోపల రాసి ఉన్న సైజే. బొమ్మ ఉన్నవే. డిసెంబరు ఒకటికల్లా. ఎవర్నీ అడగను. గ్రిముర్ బండి కనిపిస్తే కిటికీ తెర వేసేస్తా.

అయితే ఒక్క చిన్న సందేహం. ఇక్కణ్ణుంచి ముందు అద్దంలోంచి ఎడమ మడ్‌గార్డు కనిపిస్తోంది. ఎటూ కోసేశాం కదా. ముప్పై మూడు అంగుళాలవి పడతాయేమో? ఊరికే చూద్దామని. ఈసారి టేపుతో. జేబులోనే ఉంది.

"కొలిచే కొనవయ్యా," అంది సాల్వోర్, కళ్లు తెరవకుండా. మళ్లీ గురక.

లేచి కొలవాలంటే భుజం తియ్యాలి.

రేపు కొలుస్తా. పక్కా.